నూకరత్నం పేరున చల్లగంటలు

ఇంటి చిట్టా. పదిహేడో మేడ, నాలుగో అంతస్తు, తొమ్మిదో నంబరు. రాసినది: తాతారావు, ఇంటిపెద్ద.

ఫిబ్రవరి 22, ఆదివారం

ఇవాళ్టి నుంచి పద్దెనిమిది వారాలు ఈ చిట్టా రాయాలట. అంతస్తు మార్పుకి అర్జీ పెట్టుకున్న ప్రతి ఇంటిపెద్దకీ వార్డు ఆఫీసు పెట్టిన నిబంధన ఇది. నాకేం కొత్త? పెళ్లయిన మర్నాటి నుంచీ ఖర్చులు రాస్తూనే ఉన్నాను. అగ్గిపెట్టెలో పుల్లలు లెక్కపెట్టే మనిషినని మా ఆవిడ నూకరత్నం వెక్కిరిస్తూ ఉంటుంది. అగ్గిపెట్టెలు పోయి ఎన్నేళ్లయిందో, ఆ మాట మాత్రం పోలేదు.

విషయం ఏమిటంటే, మొన్న పౌర్ణమి పోటుకి సముద్రం మూడో అంతస్తు గుమ్మాల దాకా వచ్చింది. వానాకాలం వచ్చేసరికి మా నాలుగో అంతస్తు కూడా ఖాళీ చేయిస్తారు. పైన చోటు కొనుక్కున్నవాళ్లు పైకి వెళ్తారు. కొనుక్కోలేనివాళ్లని పడవెక్కించి మన్యంలో గుడారాలకి పంపిస్తారు. అలా వెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లని నేనింతవరకూ చూడలేదు.

మాకు ఏడో అంతస్తులో పన్నెండో నంబరు కేటాయించారు. తలకి తొమ్మిది వేల బిళ్ళలు. మేం ముగ్గురం: నేను, రత్నం, మా అమ్మాయి లోవ. అంటే ఇరవై ఏడు వేలు. దాచినది పదిహేను వేల నూరు. గడువు జూన్ 28. వారానికి ఆరువందల అరవై రెండు మిగిల్చి తీరాలి. ఇప్పుడు మిగులుతున్నది మూడువందల యాభై.

ముగ్గురమూ సంపాదిస్తున్నాం. నేను నీళ్ల వడపోత డబ్బాలు బాగుచేసే షెడ్డులో, లోవ పంపుల గదిలో. రత్నం ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రాబడి పెరిగే దారి లేదు. ఖర్చు తగ్గించడమే మార్గం. ఆ విద్యలో నన్ను మించినవాడు ఈ మేడలో లేడని ఇంటి లెక్కలు చూసే గోడపెట్టె కూడా ఒప్పుకుంటుంది.

మార్చి 1, ఆదివారం

మా మేడలో ఒక ఆచారం ఉంది, పక్క మేడల్లో లేదు. ఆదివారం దీపాల వేళ ఇంటిపెద్ద వారపు చిట్టా పైకి చదవాలి. ఇంట్లో అందరూ కూర్చుని వినాలి. వీధి తలుపు తీసే ఉంచాలి. ఒక్కో పద్దు దగ్గర ఎవరి పేరు వస్తే వాళ్లు "నాదే" అనాలి. మంచినీళ్లకి కరువొచ్చిన ఏడు, దొంగచాటుగా వాడేవాళ్లని పట్టుకోవడానికి పెద్దలు పెట్టిన పద్ధతి. ఆ కరువు తీరింది, పద్ధతి ఉండిపోయింది. నాకిష్టమే. పైకి చదివితే ఖర్చుకి సిగ్గొస్తుంది.

"తాతారావు, లిఫ్టు రెండుసార్లు," అని చదివి, "నాదే" అని నేనే అన్నాను.

"లోవకుమారి, స్నానానికి అదనంగా ఆరు లీటర్లు."

"నాదే," అంది లోవ జడ అల్లుకుంటూ.

"నూకరత్నం, చల్లగంటలు ఇరవై ఎనిమిది. లిఫ్టు పద్నాలుగుసార్లు."

"నాదేనండి," అంది రత్నం.

చల్లగంటల సంగతి ఇక్కడ రాయాలి. ఇంటికొక చల్లగది. దాని గుమ్మానికి ఒక కన్ను. మన చేతికి కట్టిన పూసని చూసి, ఎవరు ఎంతసేపు లోపల కూర్చున్నారో తలవారీగా లెక్కేస్తుంది. గంటకి మూడు బిళ్ళలు, ఎండాకాలంలో ఆరు. బయటివాళ్లు వచ్చి కూర్చుంటే అతిథి కింద రెట్టింపు. రత్నం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా అందులో కూర్చుని కుడుతుంది. రోజుకి నాలుగు, వారానికి ఇరవై ఎనిమిది. ఇక లిఫ్టు ఎక్కేది పొద్దున్నే మేడ మీద పెట్టెల్లో పెంచే గోంగూరకి నీళ్లు పోయడానికి.

నేను చదువుతుండగా నాలుగో అంతస్తు మూడో నంబరు గంగరాజు వసారాలో వెళ్తూ మా గుమ్మం దగ్గర ఆగాడు.

"రత్నంగారికేంటండీ, మహారాణీ! మా ఇంట్లో అందరం కలిపినా పది గంటలు తేలవండి," అన్నాడు.

వెనకాల ఇద్దరు ముగ్గురు నవ్వారు. నేనూ నవ్వాను. రత్నం కూడా నవ్వి, కొంగు సర్దుకుని, ప్లేట్లు తీయడానికి లేచింది.

మార్చి 15, ఆదివారం

రెండు వారాల్లో చేసినవి: టీ రెండోసారి మానేశాం. చింతపండు ఒకసారి పిసికి పారేయకుండా ఎండబెట్టి రెండోసారి వాడుతున్నాం. సబ్బు ముక్కలన్నీ కలిపి ముద్ద చేశాను. బియ్యం కడిగిన నీళ్లతో గిన్నెలు, గిన్నెలు కడిగిన నీళ్లతో నేల, నేల తుడిచిన నీళ్లు గోంగూరకి. కుట్టుమిషన్ కరెంటు తింటోందని రత్నం చేత్తోనే కుడుతోంది. మేడమీదకి మెట్లెక్కి వెళ్తోంది. మోకాళ్లు నొప్పంటుంది గానీ, నడిస్తేనే మోకాళ్లు బాగుంటాయని నా నమ్మకం. ఎనిమిది అంతస్తులు ఎక్కడం కొంచెం ఎక్కువే, ఒప్పుకుంటాను.

"మీరు పీల్చే గాలి కూడా లెక్క రాసేలాగున్నారండీ," అంది రత్నం.

"పైకి వెళ్లాక దానికీ బిల్లొస్తుందేమో. ఇప్పటి నుంచే అలవాటు చేసుకుందాం," అన్నాను.

ఈ వారం మిగిలింది నాలుగువందల నలభై. పెట్టె "మంచి పురోగతి" అంది. ఆ పెట్టెకో ఆడగొంతు పెట్టారు. వార్తలు చదివినట్టు మాట్లాడుతుంది.

చిట్టా నిజాయితీగా ఉండాలి కాబట్టి లోవ అన్నమాటా రాస్తాను. చదవడం అయ్యాక నన్ను వంటగదిలోకి పిలిచి అంది:

"నాన్నా, నీ షెడ్డులో చల్లగా ఉంటాది. నా పంపుల గదిలోనూ ఉంటాది. మనిద్దరికీ పగలంతా ఊరికే వస్తంది. అమ్మొక్కత్తే ఇంట్లో ఉంటది. మరి ఆవిడ పేరే కదా చిట్టాలో పడేది? వారం వారం తలుపు తీసి మరీ చదవడమేంటి? కనీసం తలుపన్నా వెయ్యి."

"లెక్క లెక్కే. ఎవరి పేరున ఉన్నది వాళ్ల పేరునే చదవాలి. తలుపేస్తే ఏదో దాచామనుకుంటారు," అన్నాను.

"నీతో మాట్లాడ్డం నాది బుద్ధి తక్కువ," అని తన డ్యూటీకి వెళ్లిపోయింది. డ్యూటీకి ఇంకా అరగంట టైముంది.

ఏప్రిల్ 5, ఆదివారం

ఎండాకాలపు ధర మొదలైంది. గంటకి ఆరు. ఈ వారం నూకరత్నం పేరున చల్లగంటలకే నూట అరవై ఎనిమిది బిళ్ళలు. వారం రోజుల బియ్యం ఖర్చుకంటే ఎక్కువ. బయట నలభై ఆరు డిగ్రీలు.

ఆ అంకె కొంచెం గట్టిగానే చదివాను. వసారాలో నడుస్తున్నవాళ్లు ఆగారు. రత్నం "నాదే" అన్నది నాకు వినబడలేదు. "ఏమిటీ?" అన్నాను.

"నాదే అంటన్నానండి," అంది.

తర్వాత అన్నం తినేటప్పుడు మెల్లగా ఎత్తింది.

"తొమ్మిదో అంతస్తు వరహాలమ్మగారు రమ్మంటన్నారండీ. వాళ్ల చల్లగదిలో కూర్చుని కుట్టుకుందువుగాని అన్నారు. ఒక్కరూ ఉండాలంటే తోచడం లేదంటన్నారు."

"అతిథి ధర ఆవిడ కడుతుందా?"

"కడతారంట."

"అయితే సుఖంగా వెళ్లు," అన్నాను. లోవ ముద్ద ఆపి వాళ్లమ్మ వంక చూసింది.

ఏప్రిల్ 12, ఆదివారం

నూకరత్నం, చల్లగంటలు: సున్నా. ఈ చిట్టా మొదలెట్టాక నాకు ఇంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. తెలివంటే ఇదీ. అడగకుండానే మొత్తం పద్దు ఎగరగొట్టింది. రాత్రి పడుకోబోయే ముందు, నీలాంటి ఇల్లాలు దొరకడం నా అదృష్టం అన్నాను. ముప్పై ఏళ్లలో అలా అన్నది ఇదే మొదటిసారి అనుకుంటాను. ఆవిడ సిగ్గుపడింది.

వరహాలమ్మ రోజుకి నలభై ఎనిమిది బిళ్ళలు మా ఆవిడ కోసం ఎందుకు పెడుతోంది అనే ప్రశ్న నాకు రాకపోలేదు. వచ్చింది. పైకి వెళ్లి ఒక మాట అడుగుదామనీ అనుకున్నాను. అడిగితే, అందులో మా వాటా ఇమ్మంటుందేమోనని ఊరుకున్నాను. ఇది నిజాయితీ చిట్టా. అందుకే రాస్తున్నాను.

మే 17, ఆదివారం

మా గుమ్మానికి నీలం పలక తగిలించారు! నాలుగో అంతస్తు మొత్తంలో తలసరి ఖర్చు అన్నిటికంటే తక్కువ ఉన్న ఇల్లు మాది. వార్డు ఆఫీసరు వచ్చి స్వయంగా మేకు కొట్టాడు. గంగరాజు పక్కకొచ్చి పలక చదువుకుని వెళ్లిపోయాడు.

రత్నం పలకని కొంగుతో తుడిచి, నిలబడి చూసుకుంది. ఆవిడ మొహం ఈమధ్య నల్లబడింది. పెదాలు పగిలిపోతున్నాయి. పైన గోంగూర దగ్గర ఎండ అనుకున్నాను. దీపాలు పెట్టగానే పడుకుంటోంది. మెట్లెక్కి అలిసిపోతోంది అనుకున్నాను. అనుకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి దొరికేది.

వారం మిగులు ఆరువందల డెబ్భై. బయట నలభై తొమ్మిది డిగ్రీలు.

మే 31, ఆదివారం

పౌర్ణమి పోటు. పొద్దున లేచేసరికి మా వసారాలో చీలమండల దాకా ఉప్పునీళ్లు. గంగరాజువాళ్ల చెప్పులు మా గుమ్మం ముందు తేలుతున్నాయి. మేం ముగ్గురం బియ్యండబ్బా, పిండిడబ్బా, పరుపులు బల్లమీదకి ఎక్కించాం. రెండు గంటల్లో నీరు దిగిపోయింది. ఇంట్లో బురద వాసన మిగిలింది.

దాచినది ఇరవై రెండు వేల ఎనిమిదివందల తొంభై. నాలుగు వారాలు ఇలాగే మిగిల్చినా పద్నాలుగు వందలు తగ్గుతాయి. నాకు మొదటిసారి భయం వేసింది. నిజంగా వేసింది.

"మిషన్ అమ్మేద్దామండీ. ఎలాగూ వాడ్డం లేదు," అంది రత్నం.

అది ఆవిడ పుట్టింటి మిషన్. నేను అడుగుదామా వద్దా అని వారం రోజులుగా తిరుగుతున్నాను. ఆవిడే అనేసింది.

జూన్ 7, ఆదివారం

మిషన్ కొనడానికి ఒకాయన ఒప్పుకున్నాడు. పద్నాలుగు వందల యాభై, ఇరవయ్యో తారీకున పట్టుకెళ్తాడు. లెక్క కలిసింది! దాచినది ఇరవై మూడు వేల అయిదువందల అరవై. మనం వెళ్తున్నాం అని ఇంట్లో వాళ్లకి చెప్పాను. లోవ కూడా నవ్వింది.

రత్నం కాళ్లు చాపుకుని గోడకి జారబడి చెప్పడం మొదలెట్టింది.

"ఆ తలుపు ఆకుపచ్చదండీ. కిందవైపు గీత పడింది, ఎవరో బీరువా ఈడ్చుంటారు. మనం వెళ్లాక కాస్త రంగేసుకోవాలి. గుమ్మానికి పైన తోరణం కట్టుకునే కొక్కెం కూడా ఉంది. సందులోంచి చూస్తే కిటికీ కనిపిస్తంది. పొద్దుట పూట ఎండొస్తదనుకుంటాను."

"నీకెలా తెలుసు ఇదంతా?"

"మెట్లెక్కుతూ చూస్తన్నాను కదండీ."

ఏడో అంతస్తు పన్నెండో నంబరు తలుపు పడమటి మెట్లవైపుకి ఉంటుంది. అటువైపు మధ్యాహ్నం ఎవరూ ఎక్కరు. అద్దాల గోడ, సూటిగా ఎండ. పొద్దున్నే ఎక్కుతుందేమో అనుకున్నాను.

జూన్ 11, గురువారం

చిట్టా ఆదివారం రాయాలి. ఇవాళే రాస్తున్నాను.

షెడ్డులో కరెంటు పోయింది. మధ్యాహ్నం ఇంటికొచ్చేశాను. దారిలో తోటిపనివాడు ఎండురొయ్యల పొట్లం ఇచ్చాడు. రెండు నెలలుగా మా ఆవిడని చల్లగా కూర్చోబెడుతోంది, వరహాలమ్మకి ఇస్తే బాగుంటుంది అనిపించింది. గడువు దగ్గరపడింది, ఇక వాటా అడిగినా ఫరవాలేదనే ధైర్యం కూడా వచ్చింది కాబోలు. తూర్పు మెట్లమీదుగా తొమ్మిదో అంతస్తుకి ఎక్కాను.

తలుపు తీసిన వరహాలమ్మ చెమటతో తడిసి ముద్దయి ఉంది. చేతిలో విసనకర్ర. ఇల్లంతా కుంపటిలా ఉంది.

"రండి అన్నయ్యగారూ. రత్నంవదిన కులాసానా? కనిపించి ఎన్నాళ్లయిందో."

నేను పొట్లం పట్టుకుని అలాగే నిలబడ్డాను.

"మీ దగ్గరే కదమ్మా ఉంటోంది మధ్యాహ్నాలు. మీ చల్లగదిలో."

"మా చల్లగదా? ఉగాది నుంచీ మాకు కోతే కదండీ. కట్టలేక తీయించేశాం." ఆవిడ విసనకర్ర ఆపింది. "అయ్యో, మీకు తెలీదేంటండీ? పడమటి మెట్ల మీద కూర్చుని కుట్టుకుంటంది కదా. ఓసారి కిందికి దిగుతూ చూశాను. ఇంతెండలో ఇక్కడేంటమ్మా అంటే, మా ఇల్లు చూసుకుంటన్నాను వదినా అంది. ఎవరికీ చెప్పొద్దంది."

పడమటి మెట్లు ఎలా దిగానో తెలియదు. ఎనిమిది. ఏడు.

రత్నం ఆకుపచ్చ తలుపుకి ఎదురుగా గోడకి జారబడి కూర్చుని ఉంది. ఒళ్లో ఎవరిదో జాకెట్టు. సూదిలో దారం ఎక్కించి ఉంది. పక్కన మరచెంబు, ఖాళీ. తల గోడకి ఆనించి తలుపు వంకే చూస్తోంది. పిలిచాను. చూపు నా వైపు తిప్పింది గాని నేనెవరో తెలిసినట్టు లేదు. చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది. ఒంటిమీద ఒక్క చెమట చుక్క లేదు. పొడిగా ఉంది.

ఎండలో చెమట ఆగిపోయిన మనిషిని షెడ్డు బయట ఇదివరకు ఒకసారి చూశాను. అతను తిరిగి రాలేదు.

ఆవిడని ఎత్తుకుని లిఫ్టు ఎక్కాను. మార్చి తర్వాత ఆవిడ లిఫ్టు ఎక్కడం అదే. పన్నెండో అంతస్తు వైద్యశాల. లిఫ్టుకి పది బిళ్ళలు.

జూన్ 13, శనివారం

వైద్యశాలలో చల్లటి గది. మంచుముక్కలు, సెలైను. మూత్రపిండాలు పనిచేయడం లేదంది డాక్టరమ్మ. ఎన్నాళ్ల నుంచి ఇలా ఎండలో ఉంటోందని అడిగింది. ఏప్రిల్ ఆరు నుంచి అన్నాను. చిట్టాలో ఉంది కదా, తారీకు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది.

సాయంత్రం రత్నానికి కొంచెం తెలివి వచ్చింది. లోవ వాళ్లమ్మ పాదాలు పట్టుకుని కూర్చుంది.

"ఏవండీ."

"ఉన్నాను రత్నం. ఇక్కడే ఉన్నాను."

"ఈ గది శానా చల్లగుందండీ. గంటకెంత?"

"నువ్వు మాట్లాడకు. నేను చూసుకుంటాను."

"ముందడగండి. రేపు ఆదివారం కదా. నా పేరే వస్తది మళ్ళీ."

ఎందుకు చేశావే ఇలా అని అరవాలనిపించింది. ఎవరి మీద అరవాలి? అబద్ధం చెప్పింది ఆవిడే. చెప్పించింది నేను.

"నీ పేరు చదవను. ఇంకెప్పుడూ చదవను," అన్నాను.

"అదేంటండీ. ఆచారం కదా," అని కళ్లు మూసుకుంది.

జూన్ 14, ఆదివారం

తెల్లవారుతుండగా పోయింది.

వైద్యశాలకి రెండు వేల ఆరువందల నలభై. పడవ మీద దహనానికి తొమ్మిది వందలు. పూస కత్తిరించి, గాజులతో పాటు ఒక కవరులో పెట్టి ఇచ్చారు. కవరుకి బిళ్ళలు తీసుకోలేదు.

ఇవాళ చిట్టా చదవలేదు. తలుపు వేసుకున్నాం. మేడలో ఎవరూ ఏమీ అనలేదు. గంగరాజు వచ్చి, తలుపు అవతలే కాసేపు నిలబడి వెళ్లిపోయాడు. అతని నీడ కింద సందులో కనిపించింది.

లోవతో ఏదో చెప్పబోయాను. తనే అంది:

"నువ్వు చదివావు నాన్నా. నేను విన్నాను. వరహాలమ్మ అత్తకి కోతని పంపుల గదిలో ఎవరో అన్నారు కూడా. అమ్మని అడిగాను. మళ్ళీ ఇచ్చార్లేవే అంది. నమ్మేశాను. నాకూ పైన ఇల్లు కావాలనిపించి నమ్మేశాను."

తర్వాత తను ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. బల్లమీద సబ్బు ముద్ద ఉంది, నేను ముక్కలన్నీ కలిపి చేసినది. దాన్ని చూస్తూ కూర్చున్నాను.

జూన్ 21, ఆదివారం

మిషన్ కొంటానన్నాయన నిన్న వచ్చాడు. అమ్మడం లేదని పంపించేశాను.

పొద్దున గోడపెట్టె తనంతట తనే మాట్లాడింది. అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"తాతారావు గారూ, మీ ఇంటి తలల సంఖ్య రెండుగా నమోదైంది. అంతస్తు మార్పుకి కట్టవలసినది పద్దెనిమిది వేలు. మీ నిల్వ ఇరవై వేల ఇరవై. గడువుకి వారం ముందే లక్ష్యం చేరుకున్నారు. అభినందనలు. మిగులు: రెండు వేల ఇరవై."

లోవ లేచి వెళ్లి పెట్టెకి దుప్పటి కప్పింది. అది దుప్పటి కిందనుంచి ఇంకోసారి అభినందనలు చెప్పింది.

వెళ్లనని అన్నాను. గుడారాలకే పోదాం, పడవెక్కేద్దాం, ఆ తలుపు నేను తెరవలేను అన్నాను.

"అమ్మ రెండు నెలలు ఆ తలుపు చూస్తా కూర్చుంది," అంది లోవ. "మనం గుడారాలకి పోతే, ఆవిడ ఊరికే పోయినట్టే."

పద్దెనిమిది వేలు కట్టేశాను.

జూన్ 28, ఆదివారం

సామాను మోశాం. గంగరాజు అడక్కుండానే వచ్చి బియ్యండబ్బా, కుట్టుమిషన్ పైకి చేర్చాడు. వాళ్లకి పైన చోటు దొరకలేదు. ఎల్లుండి పడవ. వెళ్తూ వెళ్తూ, "ఆరోజు సరదాకన్నానండి బాబూ," అన్నాడు. తెలుసన్నాను. నేనూ నవ్వానన్నాను.

తలుపు రత్నం చెప్పినట్టే ఉంది. కిందవైపు గీత. పైన కొక్కెం. కిటికీ తూర్పుకి ఉంది, పొద్దుట ఎండ వస్తుంది. అన్నీ సరిగ్గా చెప్పింది. ఎదురుగా మెట్ల గోడమీద, మనిషి కూర్చుంటే తల ఆనేంత ఎత్తులో, అరచేయంత నూనె మరక ఉంది. ఆవిడ తలకి రాసుకునే కొబ్బరినూనె. అదొక్కటే నేను ఆవిడ ఖర్చుల్లో తగ్గించనిది. ఎందుకు వదిలేశానో గుర్తులేదు.

గోడకి సున్నం వేయించమంటారా, నలభై బిళ్ళలవుతుంది అని అడిగాడు వార్డు మనిషి. వద్దన్నాను. పొదుపు బాగా అలవాటైనవారు అని మెచ్చుకున్నాడు.

జూలై 5, ఆదివారం

పద్దెనిమిది వారాలు పూర్తయ్యాయి. వార్డుకి ఈ చిట్టాతో ఇక పని లేదు. అయినా రాస్తున్నాను.

సోమవారం మధ్యాహ్నం పన్నెండుకి, రత్నం పూస కవరులోంచి తీసి, చల్లగదిలో మిషన్ మీద పెట్టాను. గుమ్మం కన్ను దాన్ని చూసింది. ఆ పేరు ఇప్పుడు మా ఇంటి లెక్కలో లేదు కాబట్టి అతిథి అనుకుంది. గది చల్లబడటం మొదలైంది. నాలుగింటికి తీసి కవరులో పెట్టాను. షెడ్డులో మధ్యాహ్నం సెలవు తీసుకున్నాను, సగం జీతం పోతుంది. నేను గదిలోకి వెళ్లలేదు. బయట వసారాలో, ఆ గోడ దగ్గర కూర్చున్నాను. నాలుగు గంటలు కూర్చోవడం అంటే ఏమిటో మొదటిరోజే తెలిసింది. గంటన్నరకి లేచి లోపలికి పారిపోయి నీళ్లు తాగాను. ఆవిడ లేవలేదు.

వారమంతా అలాగే చేశాను. మిగులు ఆరు వారాలకి వస్తుంది. ఆ తర్వాత సంగతి ఆలోచించలేదు. జీవితంలో మొదటిసారి ముందు లెక్క వేసుకోకుండా ఖర్చు పెడుతున్నాను.

ఇవాళ దీపాల వేళ లోవ తనంతట తనే వీధి తలుపు తెరిచి వచ్చి కూర్చుంది. ఏడో అంతస్తు కొత్తవాళ్లు వసారాలో అటూ ఇటూ నడుస్తున్నారు. నేను చిట్టా తీశాను.

చదవబోయేలోగా పెట్టె మాట్లాడింది. "సూచన. మీ ఇంటికి ప్రతిరోజూ మధ్యాహ్నం ఒక అతిథి వస్తున్నారు. ఈ ఖర్చు అనవసరమైనదిగా కనిపిస్తోంది. ఆపమంటారా?"

"వద్దు," అన్నాను.

"లోవకుమారి, లిఫ్టు నాలుగుసార్లు," అని చదివాను.

"నాదే," అంది లోవ.

"అతిథి. చల్లగంటలు ఇరవై ఎనిమిది. మూడువందల ముప్పై ఆరు బిళ్ళలు."

ఎవరూ పలకలేదు. వసారాలో ఎవరో ఆగి లోపలికి చూశారు. తెరిచిన తలుపులోంచి ఎదురుగోడ మీద ఆ మరక కనిపిస్తోంది. లోవ నా వంక చూస్తోంది.

బయటివాళ్లకి కూడా వినబడేలా అన్నాను.

"నాదే."